హైదరాబాద్ పేరు మోసిన రెక్కలు

కోఠీ! ఓ కోఠీ! నీ సుల్తాన్ బజారు సందుల్లో చీరల రంగులు ఏరులై పారుతున్నాయి. నీ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొత్త చేతులు వెతుక్కుంటున్నాయి. బస్సుల హోరులో నీకు ఊపిరి సలపడం లేదు. అయినా ఒక్క క్షణం చెవి ఒగ్గు. నీ ఊరి సొమ్ముతో పుట్టి, నీ ఊరి పేరు మోసి, పరాయి నింగిన పోరాడి, పరాయి నేలన కూలిన రెక్కలున్నాయి. వాటికి నువ్వొక కన్నీటి చుక్క బాకీ పడ్డావు.

నీ నడిబొడ్డున బ్రిటిష్ రెసిడెంట్ కర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ. మెట్ల పక్కన సింహాలు నేటికీ రెప్ప వాల్చకుండా కాపలా కాస్తున్నాయి. తెల్లదొరల కొలువు ఒకప్పుడు అక్కడ. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నివాసం దగ్గర్లోనే, కింగ్ కోఠీలో. మొదటి ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చినప్పుడు నిజాం ఖజానా తలుపులు బార్లా తెరుచుకున్నాయి. రేగడి చేలలో రైతు ఓడ్చిన చెమట శిస్తుగా మారింది, శిస్తు విరాళమైంది, విరాళం ఇంగ్లండ్‌లో రెక్కలు తొడుక్కుంది. అలా బ్రిటిష్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కు మన ఊరి పేరు వచ్చింది.

ఆ స్క్వాడ్రన్ డీహెచ్-9ఏ బాంబర్‌ను దగ్గరగా చూడండి. కర్ర ఎముకల మీద బిగించి పూతపూసిన నారబట్టే దాని చర్మం. ముక్కున లిబర్టీ ఇంజను. పైకప్పు లేని గూట్లో పైలట్. అతని వెనుక తుపాకీ పట్టిన సహచరుడు. గాలి కొరడాలు ముఖాన్ని కోస్తుంటే వాళ్లకు తోడు ఒకరికొకరే. విమానం ఒంటిమీద మాత్రం రాచఠీవితో అక్షరాలు: ఇది హైదరాబాద్ నిజాం ప్రభువుల బహూకరణ అని.

1918 అక్టోబర్ 5. ఎఫ్1010 అనే విమానం, దానికి పెట్టిన పేరు హైదరాబాద్ 12ఏ, ఫ్రాన్స్‌లోని బెటన్‌కూర్ నుంచి జర్మనీ మీదికి లేచింది. నడిపేవాడు కెప్టెన్ ఇంగ్లిస్, వెనుక లెఫ్టినెంట్ బోడ్లీ. అది తిరిగి రాలేదు. శత్రువు చేతికి చిక్కింది, ఇద్దరూ బందీలయ్యారు. అయ్యో ఇంగ్లిస్! నిన్నటిదాకా మబ్బుల మీద స్వారీ చేసినవాడివి, ఆ పూట శత్రువు తుపాకీ ముందు చేతులెత్తి నిలబడ్డావు. నీ వీపు వెనుక శత్రువుకు చిక్కిన ఆ విమానం మీద మా ఊరి పేరుంది. మా ఊళ్లో ఏ గడపా నీ కోసం దీపం పెట్టలేదు, ఏ తల్లీ నీ కోసం మొక్కుకోలేదు.

నువ్వొక్కడివేనా! నీ స్క్వాడ్రన్‌లోనే సెప్టెంబర్ 25న ఫ్రాంక్‌ఫర్ట్ దాడిలో నాలుగు విమానాలు, అక్టోబర్ 21న ఏడు విమానాలు పోయాయి. కొందరిని మట్టి మింగింది, కొందరిని చెర మింగింది. కింద ఆ బాంబుల నీడలో వణికిన జర్మన్ తల్లులూ తల్లులే. వాళ్ల శోకానికీ మా సొమ్ము చమురు పోసిందన్న నిజం గుండెను మెలిపెడుతోంది.

నవంబర్ 11న తుపాకులు మూగబోయాయి. మనుషుల చెర తీరింది, ఇంగ్లిస్ నడిపిన విమానం చెర మాత్రం తీరలేదు. బెర్లిన్ మ్యూజియంలో విజయచిహ్నంగా నిలిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్‌కు చేరింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని బదులుగా ఇచ్చి బ్రిటన్ దాన్ని తెచ్చుకుంది. హైదరాబాద్ పేరు మోసిన ఆ బందీ ఇప్పుడు లండన్ మ్యూజియంలో ఉంది.

పరదేశపు మట్టిలో ఒరిగిన భారత సైనికుల కోసం 1915లోనే సరోజినీ నాయుడు కలం కన్నీరు పెట్టింది. ఆమె ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్ ఇక్కడే, అబిడ్స్‌లో. ఆకాశంలో మన పేరుతో రాలినవాళ్లకు మాత్రం ఇక్కడ పాట పుట్టలేదు.

నేడు రెసిడెన్సీ ప్రాంగణం ఆడపిల్లల విశ్వవిద్యాలయం. పండించిన గింజల కోసం దొరను ఎదిరించిన చాకలి ఐలమ్మ పేరు దానికి పెట్టుకున్నాం. ఆ పేరున్న చోటే ఈ కథా చెప్పాలి. ఇచ్చిన ప్రభువు పేరు రెక్క మీద రాశారు. ఆ ఇచ్చింది ఎవరి చెమటో, ఆ రెక్కతో కూలింది ఎవరి కొడుకో, ఆ బాంబు కింద నలిగింది ఎవరి ఇల్లో రాయలేదు. ఆ మూడు పేర్లూ మన పిల్లలు నేర్చుకోవాలి. బహూకరణలోని కీర్తి మన ఊరిదైతే, దాని వెంట నడిచిన దుఃఖంలోనూ మన ఊరికి వాటా ఉంది.