పద్నాలుగో స్థానం

పదో తరగతి తెలుగులో అలంకారాలు చదువుకున్నవాళ్ళకి ఉపమ గుర్తుండే ఉంటుంది. ఉపమేయం, ఉపమానం, ఉపమావాచకం, సమానధర్మం. నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఏదైనా లోపిస్తే లుప్తోపమ. పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేసిన ఈ లెక్క మళ్ళీ పనికొస్తుందని నేను అనుకోలేదు, అదీ ఫుట్‌బాల్ అభిమానుల మాటల్ని అర్థం చేసుకోడానికి.

వాళ్ళు చెప్పే ఉపమ ఒకటే. "లెస్టర్ కూడా అట్టడుగునే ఉండేది కదా, మరుసటేడు ఛాంపియన్ అవలేదా?" 2016 నుంచీ ఏ జట్టు వరసగా ఓడుతున్నా, ఆ జట్టు అభిమానుల్లో ఎవరో ఒకరు ఈ మాట అంటూనే ఉన్నారు. ఉపమేయం ఏటా మారుతుంది. ఉపమానం మాత్రం అదే. ఇన్నిసార్లు వాడినా అరిగిపోలేదంటే అందులో ఏదో బలం ఉండాలి. అదేమిటో, అది ఎవరికి పనికొస్తోందో చూద్దామని ఈ వ్యాసం.

ఫుట్‌బాల్ చూడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా. లెస్టర్ నగరపు క్లబ్బు 1884లో పుట్టింది. నూటముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఇంగ్లండ్ మొదటి లీగ్ గెలవలేదు. 1928-29లో రెండో స్థానం, అదే గొప్ప. 2014-15 సీజన్లో, ఏప్రిల్ మొదలయ్యేసరికి 29 మ్యాచ్‌లకి 19 పాయింట్లతో అందరికన్నా కిందుంది. ప్రీమియర్ లీగ్‌లో చివరి మూడు జట్లూ కింది డివిజన్‌కి దిగిపోతాయి. లెస్టర్ ఎలాగో దిగకుండా బయటపడింది. ఆ జులైలో క్లాడియో రనియేరి కోచ్‌గా వచ్చాడు. అంతకు ఎనిమిది నెలల ముందు గ్రీస్ జట్టు ఫారో దీవుల చేతిలో ఓడిపోతే ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. లెస్టర్ గెలిస్తే పౌండుకి ఐదువేలు ఇస్తామన్నాయి బెట్టింగ్ దుకాణాలు. 2016 మే 2న లెస్టర్ ఛాంపియన్ అని తేలిపోయింది. సీజన్ ముగిసేసరికి 81 పాయింట్లు, 38 మ్యాచ్‌లలో మూడే ఓటములు, రెండో స్థానంలో ఉన్న ఆర్సెనల్ కన్నా 10 పాయింట్లు ఎక్కువ.

(ఆ ఐదువేల గురించి ఒక మాట. మా ఇంజనీర్లకి అంకె కనిపిస్తే చాలు, నమ్మబుద్ధేస్తుంది. కానీ అది లెక్క కట్టి తేల్చిన సంభావ్యతేం కాదు. ఎవరూ కొనరనుకున్న సరుకుకి దుకాణదారు వేసిన ధర. ఐదువేల సీజన్లు ఆడి చూసినవాళ్ళెవరూ లేరు.)

ఇక ఉపమేయం. 2024-25లో మాంచెస్టర్ యునైటెడ్ 15వ స్థానంలో ఆగింది. శనివారం రాత్రుళ్ళు ఇంగ్లీషు ఫుట్‌బాల్ చూసే నా వయసు తెలుగువాళ్ళలో యునైటెడ్ అభిమానులు తక్కువేం కాదు. మేం బళ్ళో ఉన్న రోజుల్లో గెలిచేది ఎక్కువగా ఆ జట్టే మరి. వాళ్ళకి ఆ ఏడు ఒక అంకె దొరికింది. యునైటెడ్‌కి వచ్చినవి 42 పాయింట్లు. ఛాంపియన్ అవడానికి ముందేడు లెస్టర్‌కి వచ్చినవి 41. పైగా యూరప్ పోటీలకి అర్హత లేదు కాబట్టి మధ్యవారంలో ప్రయాణాలు తగ్గుతాయి, కాళ్ళకి విశ్రాంతి. 2015-16లో లెస్టర్‌కీ అంతే. ఇంకేం, "వచ్చే ఏడు మనమే లెస్టర్."

మరి సమానధర్మం ఎక్కడుంది? 41, 42 పక్కపక్క అంకెలే. ఒకటి కిందనుంచి ఎక్కుతున్నవాడు ఆగిన మెట్టు, రెండోది పైనుంచి జారుతున్నవాడు ఆగిన మెట్టు. మెట్ల మీద ఇద్దరు ఎదురుపడినంత మాత్రాన ఇద్దరూ ఒకే ఇంటికి వెళ్తున్నట్టా? జేమీ వార్డీని లెస్టర్ 2012లో ఫ్లీట్‌వుడ్ టౌన్ అనే చిన్న క్లబ్బు నుంచి 10 లక్షల పౌండ్లకి కొన్నది. రియాద్ మహ్రెజ్‌కి ఫ్రాన్స్ రెండో డివిజన్ క్లబ్బు లె హావ్ర్‌కి ఇచ్చింది 5 లక్షల లోపే. ఎన్‌గోలో కాంటేకి 56 లక్షలు. యునైటెడ్ 2025 వేసవిలో మాథియస్ కూన్యా ఒక్కడి కోసం 6.25 కోట్ల పౌండ్లు పెట్టింది. లెస్టర్ కథలో ఆకర్షణంతా ఎవరూ చూడని చోట వెతికి తెచ్చుకున్న మనుషుల్లో ఉంది. అందరూ చూస్తున్న మనిషిని ఖరీదుకి తెచ్చుకోవడం తప్పు కాదు, కాకపోతే అది వేరే కథ.

ఆ వేరే కథకి కూడా ఉపమానం దొరుకుతుంది. లెస్టర్ గెలిచిన ఏడే చెల్సీ 10వ స్థానానికి పడిపోయింది. యూరప్ పోటీలు లేవు. కొత్త కోచ్‌గా ఆంటోనియో కాంటే వచ్చాడు. లెస్టర్ నుంచి ఎన్‌గోలో కాంటేని కొనుక్కుంది (తెలుగులో ఈ ఇద్దరి పేర్లూ ఒకేలా రాయాల్సి రావడం నా ఖర్మ). మరుసటేడు 93 పాయింట్లతో ఛాంపియన్. పడిపోయిన పెద్ద క్లబ్బు, ఖాళీగా దొరికిన మధ్యవారాలు, చేతినిండా డబ్బు. యునైటెడ్‌కి సరిగ్గా సరిపోయే పోలిక ఇదే. అయినా "చెల్సీలాగా మనం కూడా" అని ఎవరి నోటా వినలేదు.

ఎందుకంటే ఆ పోలికతో అభిమానికి వచ్చేది గెలుస్తామన్న లెక్క మాత్రమే, గౌరవం రాదు. లెస్టర్ పోలిక గెలుపుతో పాటు పేదరికంలోని మంచితనాన్ని కూడా అరువిస్తుంది. నాకు ఈ ఉపమలో చిరాకు తెప్పించే విషయం ఇదే. కుచేలుడి కథని కుబేరుడు తన ఆత్మకథగా చెప్పుకుంటే ఎలా ఉంటుంది?

నిజంగా చిన్న జట్ల అభిమానులు చెప్పినప్పుడు ఈ పోలికని ఇంత సులభంగా కొట్టిపారేయలేం. వాళ్ళకి పేదరికం అరువు తెచ్చుకునే అవసరం లేదు. కానీ అక్కడ కూడా వాక్యాన్ని మళ్ళీ చదవండి. "అట్టడుగున ఉంది, ఛాంపియన్ అయింది." మొదలూ చివరా ఉన్నాయి, నడుమ ఒక సీజన్ ముగింపు మాయమైంది. 2015 ఏప్రిల్లో అట్టడుగున ఉన్న లెస్టర్ ఆ ఏడు ఛాంపియన్ అవలేదు. మిగిలిన తొమ్మిది మ్యాచ్‌లలో ఏడు గెలిచి, ఒకటి డ్రా చేసుకుని, ఒకటి ఓడి, 14వ స్థానంలోకి వచ్చింది. అంతే. అట్టడుగున ఉన్న జట్టుకి లెస్టర్ చరిత్రలో దొరికే అసలైన పోలిక ఈ పద్నాలుగో స్థానం. "బెంగపడకండి, మనం కూడా లెస్టర్‌లాగా పద్నాలుగో స్థానానికి వస్తాం" అని ఏ అభిమానీ అనడు. ఆ ఏడు విజయాలూ సాధించిన కోచ్ నైజెల్ పియర్సన్‌ని జూన్‌లో క్లబ్బు పంపించేసింది. ఈ ఉపమ చెప్పేవాళ్ళలో ఎంతమందికి ఆయన పేరు గుర్తుంది?

అలాగని పద్నాలుగో స్థానం చిన్న సంగతేం కాదు. ప్రీమియర్ లీగ్ 1992లో మొదలైంది. 2024-25 వరకు 33 సీజన్లు. క్రిస్మస్ నాటికి ఆఖరున ఉండి కూడా కిందికి దిగకుండా నిలబడ్డ జట్లు నాలుగే: 2004-05లో వెస్ట్ బ్రామ్, 2013-14లో సండర్లాండ్, 2014-15లో లెస్టర్, 2022-23లో వుల్వ్స్. మిగతా 29 జట్లకీ అభిమానులున్నారు. వాళ్ళూ ఆశపడే ఉంటారు. ఆ ఆశలు ఉపమానాలుగా మారలేదు కాబట్టి మనకి వినపడవు.

తర్వాతి భాగం కూడా కత్తిరించబడింది. రనియేరిని 2017 ఫిబ్రవరిలో తీసేశారు, ఛాంపియనై పది నెలలు కూడా కాకుండానే. లెస్టర్ 2023లో కిందికి దిగింది, 2024లో పైకొచ్చింది, 2025లో మళ్ళీ దిగింది. అంతకుముందు ఈ ఉపమాన పాత్ర పోషించినవాళ్ళలో కైజర్స్‌లౌటర్న్ ఒకటి. జర్మనీ రెండో డివిజన్ నుంచి వచ్చిన మొదటి ఏడే, 1998లో, ఛాంపియన్ అయిన క్లబ్బు. 2018లో అది మూడో డివిజన్‌కి వెళ్ళిపోయింది. 2004లో యూరప్ ఛాంపియన్ అయిన గ్రీస్ రెండేళ్ళ తర్వాత ప్రపంచకప్‌కే అర్హత సాధించలేదు. ఉపమానాలకి కూడా జీవితం ఉంటుంది, పోలిక చెప్పేవాడు దాన్ని ఒక తేదీ దగ్గర ఆపేస్తాడు.

అభిమానం గురించిన పుస్తకాల్లో నిక్ హార్న్‌బీ 'ఫీవర్ పిచ్' (1992) నాకు నచ్చడానికి కారణం ఇక్కడే ఉంది. ఆర్సెనల్ అభిమానిగా ఆయన జీవితకథ అది. అధ్యాయాల తలకాయల దగ్గర మ్యాచ్‌లు, తేదీలు. 1989లో ఆఖరి నిమిషంలో గెలిచిన టైటిల్ అందులో ఉంది, దాని పక్కనే ఎవరికీ అక్కర్లేని సాదాసీదా మ్యాచ్‌లు బోలెడున్నాయి. పుస్తకం నడిచేది వాటి మీదే. అభిమాని జీవితంలో ఎక్కువ భాగం పద్నాలుగో స్థానంలోనే గడుస్తుందని ఆ పుస్తకానికి తెలుసు. లెస్టర్ ఉపమకి తేదీలు గిట్టవు.

ఇదంతా ఇంగ్లండ్ గొడవ, మనకెందుకని అనిపించొచ్చు. కానీ మన ఊరికీ ఒక లెస్టర్ ఉండేది.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో వచ్చింది. మొదటి సీజన్ ఇండియన్ సూపర్ లీగ్‌లో పది జట్లలో పదోది, 18 మ్యాచ్‌లకి రెండే విజయాలు. తర్వాత మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్ళకి చోటిచ్చాడు. 2020-21లో ఐదో స్థానం. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ మీద. స్టేడియం నిండా పసుపే, మన జట్టు రంగూ పసుపే, కానీ ఆ జనం కేరళవాళ్ళు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్‌తో 1-1. పెనాల్టీల్లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. హైదరాబాద్ ఛాంపియన్.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. కోవిడ్ వల్ల ఆ రెండు సీజన్లూ మొత్తం గోవాలోనే జరిగాయి. అంటే హైదరాబాద్ ఛాంపియన్ అయిన ఏడు హైదరాబాద్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. గచ్చిబౌలి స్టేడియానికి వెళ్ళినవాళ్ళు కళ్ళారా చూసింది ఆఖరి స్థానంలో ఉన్న మొదటి జట్టుని, 2022-23లో ఒక మంచి సీజన్‌ని, ఆ తర్వాత మళ్ళీ ఆఖరి స్థానాన్ని. 2023-24లో 22 మ్యాచ్‌లకి ఒకటే గెలుపు, 8 పాయింట్లు, పన్నెండు జట్లలో పన్నెండోది. టైటిల్ మాత్రం టీవీలోనే ఉండిపోయింది.

2024లో అభిమానులకి లెస్టర్ దాకా వెళ్ళాల్సిన పని లేదు. వాళ్ళ జట్టే వాళ్ళకి ఉపమానం: "2020లో కూడా ఆఖరునే ఉన్నాం, రెండేళ్ళలో గెలవలేదా?" ఉపమేయం, ఉపమానం రెండూ ఒకటే అయితే దాన్ని అనన్వయం అంటారు, అదీ పదో తరగతి పాఠమే. సముద్రానికి సముద్రమే సాటి అన్నట్టు. కానీ పేరు ఒకటైనంత మాత్రాన జట్టు ఒకటి కాదు. 2020లో సమస్య ఆట. కోచ్ మారితే, కుర్రాళ్ళు కుదురుకుంటే తీరే సమస్య. 2023-24లో సమస్య జీతాలు. బకాయిలు పేరుకుపోయి, కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా ఫిఫా నిషేధం పడి, ఉన్నవాళ్ళు సీజన్ మధ్యలో వెళ్ళిపోయారు. ఏ ఉపమా దీన్ని పట్టుకోలేదు. "ఓపిక పట్టండి, లెస్టర్‌ని చూడండి" అన్న వాక్యం ఆడేవాళ్ళ గురించే మాట్లాడుతుంది. చెల్లించాల్సినవాళ్ళు అందులో ఎక్కడా కనపడరు. అభిమాని ఓపికని ఎవరు వాడుకుంటున్నారన్న ప్రశ్న అక్కడే జారిపోతుంది.

ఆశ పెట్టుకోవడం మూర్ఖత్వం అని నా ఉద్దేశం కాదు. ఓడే జట్టుని చూస్తూ కూర్చోవాలంటే ఏదో ఒక కథ కావాలి, లేకపోతే తొంభై నిమిషాలు గడవవు. లెస్టర్‌ని గుర్తు చేసుకుని 2015 ఏప్రిల్లో ఆ జట్టులో ఏం మారిందో వెతికే అభిమాని ఉంటే, అతను ఉపమని సరిగ్గానే వాడుతున్నట్టు. సమానధర్మం దొరక్కపోతే ఆ మాట కూడా పైకి అనగలగాలి.

ఇంగ్లండ్‌లో ఆఖరున ఉన్న క్లబ్బు కింది డివిజన్‌కి దిగుతుంది. లెస్టర్ రెండుసార్లు దిగినా లెస్టర్‌లోనే ఉంది. మన దగ్గర హైదరాబాద్ రెండుసార్లు ఆఖరున నిలిచినా ఎక్కడికీ దిగలేదు. ఆ తర్వాత 2025లో క్లబ్బు ఊరే మారిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. 2019లో ఢిల్లీ క్లబ్బు భువనేశ్వర్‌కి వెళ్ళిపోయింది, అదే ఏడు పుణె క్లబ్బు మూతపడ్డ చోట హైదరాబాద్ పుట్టింది. ఇప్పుడు ఢిల్లీలో ఆ జట్టు నాలుగు మ్యాచ్‌లు వరసగా ఓడితే, అక్కడి స్టాండ్స్‌లో ఎవరైనా 2022 గురించి చెప్తారా? చెప్తే, "మనం" అంటారా, "వాళ్ళు" అంటారా?