పలక నుంచి టైల్ దాకా

తెలుగునాట ఎన్ని తరాలు మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దుకున్నాయో! నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి ఆ గిరాకీని మింగేశాయి. చాలా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. నిలబడ్డవాళ్లు అదే రాయిని గోడలకు, నేలకు వేసే డిజైన్ టైల్స్‌గా మలిచి విదేశాలకు పంపారు. చెప్పినంత తేలిక కాదది. పలకకు నున్నటి నల్లరాయి కావాలి. గోడకు గరుకుతనం, రంగుల చారలే అందం. పలకకు పనికిరాని రాయిలోనూ సరుకును చూడగలగాలి.

పొర దగ్గర ఉలి ఆనించి, సుత్తితో మెల్లగా తట్టి రాయిని రేకులా విడదీసే పనివాడి నేర్పు మాత్రం మారలేదు. ఆ పనివాణ్ణి వదులుకోకుండా మార్కెట్‌ను మార్చుకున్న యజమానే నా లెక్కలో అసలైన మేనేజరు. అయితే ఆ పనివాడు రోజూ పీల్చేది రాతిదుమ్ము. మాస్కులు, దుమ్ము లాగే యంత్రాలు, ఏటా ఛాతీ పరీక్షలు: ఎంత గడ్డుకాలం వచ్చినా యజమానులు ఈ ఖర్చులో మాత్రం కోత పెట్టొద్దు.