ధరే తాకట్టయితే

ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ కథను అత్యాశకు గుణపాఠంగా చెప్పడం మనకు అలవాటు. 1831లో సూరత్‌లో పుట్టిన ఈ దళారి, అంతర్యుద్ధం వల్ల ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులకు అమెరికా పత్తి అందని రోజుల్లో బొంబాయికి పత్తి రాజయ్యాడు. బ్యాక్‌బే సముద్రాన్ని పూడ్చే కంపెనీలో 5,000 రూపాయలు కట్టిన షేరు దాదాపు పదింతలు పలికింది. 1865లో యుద్ధం ముగిసింది, పత్తి ధర కూలింది, జూలై 1న బేరాలు చెల్లుబెట్టాల్సిన రోజుకు ఎవరి దగ్గరా డబ్బు లేదు. అయితే ఆశ లేనిదే బజారే లేదు కనుక నింద దానిమీద వేయలేం. తప్పు అప్పిచ్చిన తీరులో ఉంది. 1863 చట్టం అప్పుల మీది కట్టుబాట్లు సడలించాక బాంబే బ్యాంకు షేర్లనే తాకట్టు పెట్టుకుని అప్పులిచ్చింది. ఆ అప్పుతో మళ్లీ షేర్లే కొన్నారు. కొన్నకొద్దీ ధర పెరిగింది, పెరిగిన ధర మీద మరింత అప్పు పుట్టింది. గోదాములో పత్తి బేళ్లుంటే ధర సగమైనా సరుకు మిగులుతుంది. పూడ్చని సముద్రం మీద రాసిన కాగితానికి ధర పోతే మిగిలేదేమీ లేదు. 1868లో బ్యాంకు మూతపడింది.

యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో ఎవరికి తెలుసని అడగవచ్చు. ఎప్పుడన్నది తెలియకపోవచ్చు గానీ, ముగుస్తుందని అందరికీ తెలుసు. తేదీ తెలియని ప్రమాదాన్ని తాకట్టుగా పెట్టుకోకూడదు. ప్రేమ్‌చంద్ దాత కదా, తల్లి పేర రాజాబాయి టవర్ కట్టించాడు కదా అంటారు. నిజమే, తర్వాత కోలుకుని 1906 దాకా బతికాడు కూడా. అలా కోలుకునే వీలు అందరికీ దొరకలేదు. పత్తికి ధర ఉన్నన్నాళ్లు దక్కన్ షావుకార్లు రైతులకు ధారాళంగా అప్పిచ్చారు, పడ్డాక కొత్త అప్పు ఆపి పాత బాకీకి పట్టుబట్టారు. భూమిశిస్తు పెంపు కూడా తోడై, 1875 మేలో పుణె జిల్లా సూపెలో రైతులు తిరగబడి ఖాతా పుస్తకాలు తగలబెట్టారు.

నేత ఊరు భీవండిలో ఈ లెక్క మనకు కొత్త కాదు. నూలు ధర పెరుగుతుందని నిల్వ చేసేది వ్యాపారి. జాబ్‌వర్కు మీద సాంచాలు (మరమగ్గాలు) నడిపే ఆసామికి దక్కేది మజూరీ, తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కార్మికుడికి దక్కేది మీటరు కూలి. ధర ఎక్కినప్పుడు లాభంలో వీళ్లకు వాటా లేదు. దిగినప్పుడు మాత్రం నూలు అందక మొదట ఆగేది వీళ్ల సాంచాలే. నిల్వ పెట్టేవాడే లేకపోతే ఆర్డర్లెక్కడివని వ్యాపారులు అంటారు. నిల్వ అవసరమే, దానికి అప్పూ అవసరమే. కాకపోతే ఆ అప్పు అమ్ముడైన గుడ్డ మీద పుట్టిందా, రేపటి ధర మీద పుట్టిందా అన్నది అప్పిచ్చేవాడు ముందే తేల్చుకోవాలి. బజారు బాగున్నప్పుడే ఆ ప్రశ్న అడగాలి, పడ్డాక అడిగితే జవాబు చెప్పాల్సింది కూలివాడవుతాడు.