ఆగ్నేయానికి కాస్త దక్షిణంగా

చేపల చెరువు గట్టు మీద కాపలా ఉండే కుటుంబం మకాం మార్చేటప్పుడు ట్రక్కు ఆటోలోకి సామాను ఎక్కించే వరస చూడాలి. బియ్యం బస్తా, గ్యాస్ బండ, గిన్నెల బుట్ట, దుప్పట్ల మూట ముందు ఎక్కుతాయి. వలలు ఆ పైన. టీవీని పాత చీరలో చుట్టి ముందు సీట్లో ఒళ్ళో పెట్టుకుంటారు. డిష్ అన్నిటికన్నా ఆఖరున, మూటల మీద బోర్లా ఎక్కుతుంది. దారి పొడవునా ఎవరో ఒకరి చెయ్యి దాని మీదే ఉంటుంది. అంచుకి సొట్ట పడితే బొమ్మ రాదని వాళ్ళ భయం.

ఆ భయం ఉత్తదేం కాదు. ఆ పళ్ళెం పట్టుకునే తరంగం పొడవు మూడు సెంటీమీటర్ల లోపే. వంపులో కొన్ని మిల్లీమీటర్లు తేడా వస్తే తరంగాలన్నీ ఒకచోటికి చేరవు. చేరవలసిన చోటు, పళ్ళేనికి ఎదురుగా చువ్వ చివర ఉండే ఎల్‌ఎన్‌బి అనే చిన్న డబ్బా.

అమెరికాలో వంటగదీ పడకగదీ ఉన్న బండిని ఆర్‌వీ అంటారు. దాని కప్పు మీద గుమ్మటంలాంటి యాంటెన్నా పెట్టించుకుంటే, బండి ఆగిన చోట అదే మోటారుతో తిరిగి శాటిలైట్‌ను వెతుక్కుంటుంది. కొల్లేరు గట్ల మీద ఆ వెతుకులాట మనుషులు చేస్తారు. ఒక పైపు, ఒక పానా, కాస్త ఓపిక. ఈ పని చక్కగా తెలిసినవాళ్ళని ఈ చుట్టుపక్కల ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, దీన్ని నేను వల అల్లడం పక్కన, పడవకి తారు పూయడం పక్కన పెడతాను. అందుకే ఆ వివరమంతా ఇక్కడ రాస్తున్నాను.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరు లాంటివి నీళ్ళు తెచ్చిపోస్తే ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి మోసుకెళ్తుంది. నీరు పెరిగితే ఊరి అంచు మారుతుంది. మనుషుల నిర్ణయాలతోనూ మారింది. 1999లో ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, లోపలి 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది, 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2005-06లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అభయారణ్యం లోపలి చెరువు గట్లు తెగ్గొట్టారు. గట్టు పోతే గట్టు మీది మకామూ పోతుంది. లీజు ముగిసినా అంతే. ఇక బాతుల వాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. సార్వా కోతలయ్యాక ఒక ఊరి చేలల్లో, దాళ్వా కోతలయ్యాక మరో ఊరి చేలల్లో రాలిన గింజల వెంట గుంపుని తోలుకుంటూ గుడారం మారుస్తూనే ఉంటారు. ఇలా కదిలేవాళ్ళకి కేబుల్ వైరు కుదరదు. డిష్ కుదిరింది.

డిష్‌లలో నెల బాడుగ లేనిది దూరదర్శన్ వారి ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. ఇప్పుడది వచ్చేది జీశాట్-15 నుంచి. 2015 నవంబరులో ఫ్రెంచి గయానాలోని కౌరూ నుంచి పంపిన మన శాటిలైట్ అది. భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, భూమి తిరిగినంత వేగంగానే తిరుగుతుంది కాబట్టి మనకి నిలిచి ఉన్నట్టే. కొల్లేరు ఉన్నది 81 డిగ్రీల చిల్లర రేఖాంశం మీద. అంటే శాటిలైట్ మనకన్నా పన్నెండు డిగ్రీలు తూర్పున ఉంది. లెక్క కడితే గట్టు మీద నిలబడ్డ మనిషికి అది ఉత్తరం నుంచి సవ్యంగా 143 డిగ్రీల దిక్కున, నేల నుంచి 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. సరిగ్గా ఆగ్నేయం 135 డిగ్రీలు. అక్కడి నుంచి ఎనిమిది డిగ్రీలు దక్షిణానికి జరగాలి. చెయ్యి బారజాపి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు పది డిగ్రీలు. ఆగ్నేయానికి ఒక పిడికిలి కన్నా కాస్త తక్కువ దక్షిణంగా అని గుర్తు పెట్టుకుంటే చాలు.

66 డిగ్రీలంటే దాదాపు నడినెత్తి పక్కనే. కానీ గట్టు మీద డిష్ చూడండి, అది అంత పైకి చూస్తున్నట్టు కనపడదు. ఇవి ఆఫ్‌సెట్ డిష్‌లు. పెద్ద వంపులోంచి ఒక పక్క ముక్క కోసుకున్నట్టుగా చేస్తారు. అందువల్ల ఎల్‌ఎన్‌బి నీడ పళ్ళెం మీద పడదు. దాని ముఖం నలభై రెండు, నలభై మూడు డిగ్రీల దగ్గర ఆగినట్టు కనపడుతుంది, చూపు మాత్రం దాదాపు మరో పాతిక డిగ్రీలు పైకి పోతుంది. కొత్తవాళ్ళు మొదట తప్పేది ఇక్కడే. ఆకాశంలోకి చూడాలి కదా అని పళ్ళేన్ని వెల్లకిలా తిప్పేస్తారు. వెనక బిగింపు మీద అచ్చేసిన అంకెల్ని నమ్మాలి, కంటిని కాదు. ఆ అంకెలు ఈ పాతిక డిగ్రీలనీ కలుపుకునే వేసినవి.

అయితే ఆ అంకె నిజం కావాలంటే పైపు నిట్టనిలువుగా ఉండాలి. పనంతటికీ ప్రాణం ఇదే. పైపు ఒక డిగ్రీ వాలితే లెక్క ఒక డిగ్రీ తప్పుతుంది. పైగా డిష్‌ను పక్కలకి తిప్పుతుంటే దాని చూపు వంకరగా ఎక్కి దిగుతుంది, శాటిలైట్ తగలకుండానే పోవచ్చు. దారానికి గుండు కట్టి రెండు పక్కల నుంచి చూసుకోవాలి, ఒక పక్క నుంచి చూస్తే చాలదు. గట్టు మట్టి జిగట మట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండలకి నెర్రెలిస్తుంది. పైపును నేరుగా అందులో పాతితే ఆరు నెలల్లో అది ఒక పక్కకి ఒరిగి తీరుతుంది. పాత లారీ టైరు మధ్యలో సిమెంటు పోసి పైపు నిలబెట్టి, కింద రెండు చెక్కలు వేసి మట్టం చేసుకోవడం మేలు. మకాం మారేటప్పుడు దొర్లించుకుపోవచ్చు కూడా. టైరు చుట్టూ మట్టి నింపిన మేత సంచులు నాలుగు పేర్చి, మూడు వైపులా నైలాను తాడు లాగి కడితే ఈదురుగాలికి ఆగుతుంది. సరుగుడు కర్రకి బిగించేవాళ్ళూ ఉన్నారు. కర్ర గాలికి ఊగుతుంది. టీవీ బొమ్మ గళ్ళు గళ్ళుగా విరగడానికి ఆ ఊపు చాలు.

దిక్కు ఎలా పట్టాలి? ఫోనులో దిక్సూచి ఉంటుంది గానీ ఇనప పైపు దగ్గర పెట్టి చూస్తే అబద్ధం చెబుతుంది, పది అడుగులు వెనక్కి వచ్చి చూసుకోవాలి. ఊళ్ళో డిష్‌లు ఎటు చూస్తున్నాయో అటు పెట్టేద్దాం అనుకుంటే అందులోనూ చిక్కుంది. టాటా ప్లే వారి శాటిలైట్ 83 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి ఆ డిష్ ఇక్కడ దాదాపు నేరుగా దక్షిణానికే తిరిగి ఉంటుంది. ఎయిర్‌టెల్ వారిది 108 డిగ్రీల దగ్గర, అది బాగా తూర్పుకి తిరుగుతుంది. ఎవరి డిష్ చూసి పెట్టుకుంటున్నామో తెలిసి పెట్టుకోవాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సాధనం ఎండ. సంక్రాంతి రోజుల్లో ఉదయం సుమారు పదీ ఇరవైకి సూర్యుడు ఇక్కడ సరిగ్గా ఆ 143 డిగ్రీల దిక్కున ఉంటాడు. నిలువుగా ఒక కర్ర పాతి, దాని నీడకి ఎదురు దిక్కున గీత గీస్తే అదే దారి. ఆ వేళకి సూర్యుడి ఎత్తు కూడా 43 డిగ్రీలే. అంటే డిష్ సరిగ్గా కూర్చుంటే ఎండ దాని ముఖానికి దాదాపు ఎదురుగా కొడుతుంది. పండగనాడు పొంగలి పొయ్యి మీద ఉండగానే పని అయిపోతుంది.

పైకి ఎత్తు పెట్టాక, ఎల్‌ఎన్‌బిని దాని పట్టులో ముప్పై అయిదు డిగ్రీలు వంచాలి. శాటిలైట్ తూర్పుకి ఒరిగి ఉంది కాబట్టి దాని అలలూ మనకి ఒరిగే వస్తాయి. వెనక నిలబడి శాటిలైట్ వైపు చూస్తూ, గడియారం ముల్లు తిరిగే దానికి ఎదురు దిశలో తిప్పాలి.

ఇక మిగిలింది తిప్పడం. ఒకరు డిష్ దగ్గర, ఒకరు టీవీ ముందు.

"వచ్చిందా?"

"లేదు... లేదు... ఆగాగు! పోయింది."

ఈ "పోయింది" అన్న మాట ప్రతి గట్టు మీదా వినిపిస్తుంది. కారణం తిప్పేవాళ్ళ తొందర. సెట్‌టాప్ బాక్స్‌కి అలల్ని పోల్చుకోడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. బొమ్మ కనపడేసరికి చెయ్యి ముందుకెళ్ళిపోయి ఉంటుంది. కాబట్టి కొంచెం తిప్పాలి, ఆగాలి, అయిదు లెక్కపెట్టాలి. కొంచెం అంటే ఎంత? అరవై సెంటీమీటర్ల డిష్ అంచు దగ్గర అర సెంటీమీటరు జరిగితే ఒక డిగ్రీ. ఈ డిష్ చూపు మొత్తం మూడు డిగ్రీల వెడల్పే. బారజాపిన చేతి చిటికెన వేలు ఒక డిగ్రీని కప్పుతుంది. మూడు చిటికెన వేళ్ళంత కిటికీ, అంతే. స్క్రీను మీద రెండు గీతలు కనపడతాయి. స్ట్రెంగ్త్ అన్నది వైరు తగిలించగానే పెరుగుతుంది, అది శాటిలైట్ దొరికిందనడానికి సాక్ష్యం కాదు. క్వాలిటీ గీత కదిలితేనే నమ్మాలి. అదీ కదిలి, చానెళ్ళు మాత్రం రాకపోతే పక్కింటి తలుపు తట్టామన్నమాట. 91.5 దగ్గరా, 95 దగ్గరా వేరే శాటిలైట్లున్నాయి, మనదానికి రెండు డిగ్రీలకి మించి దూరం లేదు.

కదిలే కుటుంబాలకి అసలు గుట్టు ఒకటుంది. ఒకసారి కుదిరాక ఎత్తు బిగించిన నట్టు మీదా, ఎల్‌ఎన్‌బి పట్టు మీదా రంగుతో గీత గీసి, ఇక జన్మలో వాటిని వదులు చెయ్యకూడదు. కైకలూరు నుంచి ఆకివీడు వెళ్ళినా, తాడేపల్లిగూడెం వెళ్ళినా ఆ కోణాలు మారవు. బాతుల్ని తోలుకుంటూ నెల్లూరు దాకా పోయినా ఎత్తులో ఒక్క డిగ్రీయే తేడా, దిక్కు మాత్రం ఆరేడు డిగ్రీలు తూర్పుకి జరుగుతుంది. కాబట్టి కొత్త చోట చెయ్యాల్సినవి రెండే. పైపు నిలువు చూసుకోవడం, మెల్లగా పక్కలకి తిప్పడం. అలవాటైన చేతులకి పది నిమిషాలు.

చెట్ల విషయంలో మనం అదృష్టవంతులం. లండన్‌లో టీవీ డిష్ పాతిక డిగ్రీల ఎత్తుకే చూస్తుంది, పదిహేను మీటర్ల చెట్టు ఎదురుంటే ముప్పై మీటర్లకి పైగా వెనక్కి జరగాలి. ఇక్కడ అంత ఎత్తు కొబ్బరిచెట్టుకి ఏడు మీటర్ల దూరం చాలు. మన ఇబ్బంది పక్షులు. కొంగలకీ నీటికాకులకీ గట్టు మీద కాస్త ఎత్తైన ఆసరా ఏది దొరికినా వదలవు. ఎల్‌ఎన్‌బి చువ్వ వాటి బరువుకి కుంగుతుంది. చువ్వని గట్టి తీగతో పైకి కట్టుకోవాలి, వాటిని అదిలించి లాభం లేదు. కొల్లేరు ముందు వాటిది.

రెండో శత్రువు తేమ. ఎల్‌ఎన్‌బి దగ్గర వైరు కొంత కిందికి వేలాడి తిరిగి పైకి వెళ్ళాలి. అప్పుడు వాన నీరు ఆ వంపు దగ్గర బొట్లుగా కిందికి రాలిపోతుంది, కనెక్టరు లోపలికి పోదు. కరెంటు లేని గట్ల మీద సోలార్ ప్యానెల్, పన్నెండు వోల్టుల బ్యాటరీ. చిన్న టీవీ, బాక్స్ కలిపి నలభై వాట్లు అనుకుంటే నాలుగు గంటలకి బ్యాటరీలోంచి పదమూడు పద్నాలుగు ఆంపియర్ అవర్లు ఖర్చు. వంద వాట్ల ప్యానెల్ మర్నాటికి తిరిగి నింపేస్తుంది.

ఫోను ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవాళ్ళుంటారు. ఫోను ఒక్కరిది. గుడిసె ముందు నులకమంచం మీద భర్త, గడప మీద భార్య, చాప మీద పిల్లలు, పక్క చెరువు కాపలాదారు కలిసి చూసేది టీవీ. చేపల చెరువులో నీళ్ళలోని ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా తగ్గుతుంది, మబ్బు పట్టిన రోజుల తర్వాత మరీను. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయంటే వెంటనే ఏరియేటరు వెయ్యాలి, లేదా కొత్త నీరు పెట్టాలి. అది కనిపెట్టాలంటే మెలకువగా ఉండాలి. పాత సినిమా ఒకటి నడుస్తుంటే ఆ రాత్రి గడుస్తుంది.

ఇలా కలిసి చూడడం పాత అలవాటే. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సైట్ అనే శాటిలైట్ టీవీ ప్రయోగంలో అమెరికా వారి ఏటీఎస్-6 శాటిలైట్ నుంచి దేశంలోని 2,400 పల్లెలకి టీవీ వచ్చింది. అందులో తెలుగు పల్లెలూ ఉన్నాయి. అప్పటి డిష్ పది అడుగుల వెడల్పు, కోళ్ళ దొడ్డికి కట్టే వలతో చేసినది. ఊరంతా కలిసి టీవీ ముందు కూర్చునేది. ఆ కూర్చోవడం ఇప్పటికీ పోనిది ఇలాంటి గట్ల మీదే అనిపిస్తుంది నాకు.

వాయుగుండం పట్టినప్పుడు మాత్రం డిష్ మీద ఆశ పెట్టుకోకూడదు. ఈ అలల్ని దట్టమైన వాన పీల్చేస్తుంది. తుపాను కబురు కావలసిన గంటలోనే స్క్రీను నల్లబడుతుంది. అందుకని సెల్లు వేసుకునే చిన్న రేడియో ఒకటి పక్కన ఉండాలి. గాలి పెరుగుతోందని తోస్తే పైపు బిగింపు ఒక్కటి వదులు చేసి డిష్‌ను దించి, గట్టు వాలున బోర్లించి, మీద రెండు మట్టి సంచులు వేస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీరంతా కొల్లేరు మీదికి వచ్చినట్టు వస్తే సంచులూ సరిపోవు, మళ్ళీ ఆటో మాట్లాడుకోవాలి. బియ్యం, బండ, వలలు, ఆఖరున డిష్. ఎత్తు నట్టు మీద రంగు గీత చెదరలేదు కదా అని ఒకసారి చూసుకుని బోర్లా పెడతారు.