ఒక్కపొద్దు నేర్పిన వారం

సోమవారమో శనివారమో ఒక్కపొద్దు ఉండేవాళ్లు మన ఇళ్లలో ఎవరో ఒకరు ఉంటారు. ఆ రోజు విందుకు పిలిచినా, ఆఫీసులో పార్టీ ఇచ్చినా ‘ఇయ్యాల నాకు ఒక్కపొద్దు’ అంటారు. అంతే, బలవంతపెట్టేవాళ్లు కూడా ఆగిపోతారు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు వెళ్లేవాళ్లదీ, ఆదివారం పొద్దున చర్చికి వెళ్లేవాళ్లదీ ఇదే పద్ధతి. భక్తికి తీరిక ఎప్పుడు దొరుకుతుందా అని వీళ్లెవరూ ఎదురుచూడరు. వారంలో దాని చోటు దానికి ముందే రాసిచ్చేశారు. నమ్మినదాన్ని బతుకులోకి దించే దారి మనకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదని వీళ్లను చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

మనం ప్రేమించే మిగతావాటికి ఆ భాగ్యం లేదు. అమ్మానాన్నలంటే ప్రాణం అంటాం, ఆరోగ్యమే మహాభాగ్యం అంటాం, పుస్తకాలంటే ఇష్టం అంటాం. వీటిలో దేనికీ ఫలానా వారం అని ఉండదు. హైదరాబాద్ శివార్లలోని మా జవహర్‌నగర్ నుంచి ఈసీఐఎల్ మీదుగా సికింద్రాబాద్‌కో, శామీర్‌పేట దాటి జీనోమ్ వ్యాలీ షిఫ్టుకో వెళ్లొచ్చేవాళ్ల రోజులో పనీ ప్రయాణమూ ముందే తమ వాటా తీసేసుకుంటాయి. మిగిలిన కాసేపటి కోసం ఫోను కాచుకుని ఉంటుంది. వారం పేరు లేని ఇష్టం వచ్చే నెలకు, ఆపైన వచ్చే ఏడాదికి జరిగిపోతుంది.

అందుకే ఆదివారం సాయంత్రం నోట్‌బుక్ ముందు కూర్చునే అలవాటు నాకు ముఖ్యం. ముందుగా గడిచిన వారం గంటలు ఎటు పోయాయో రాస్తాను. తర్వాత, నాకు నిజంగా ముఖ్యమైనవి మూడో నాలుగో రాస్తాను. అంతకు మించి రాస్తే ఏదీ ముఖ్యం కానట్టే. ఇక్కడ లక్ష్యాన్నీ విలువనూ విడదీయాలి. ‘అమ్మాయికి మంచి ర్యాంకు రావాలి’ అనేది లక్ష్యం, ఫలితాల రోజుతో తీరిపోతుంది. ‘దాని చదువుకు తోడుండాలి’ అనేది విలువ, ఏ రోజుతోనూ తీరదు. ర్యాంకు మన చేతిలో లేదు, పక్కన కూర్చోవడం ఉంది. స్టీవెన్ హేస్ వంటి మనస్తత్వవేత్తలు ఈ తేడాను చికిత్సలోనే భాగం చేశారు.

ఆపైన ప్రతి విలువకూ ఒక వారం, ఒక వేళ, ఒక చోటు. ‘అమ్మతో ఎక్కువ మాట్లాడాలి’ అని రాస్తే ఆ మాట కాగితం మీదే ఉంటుంది. ‘బుధవారం రాత్రి భోజనం అయ్యాక, టీవీ పెట్టకముందు అమ్మకు ఫోను’ అని రాస్తే ఆ ఫోను వెళ్తుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తామో ముందే తేల్చుకున్నవాళ్లు పని పూర్తిచేసే అవకాశం ఎక్కువని మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో తన పరిశోధనల సారంగా రాశారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పదమూడు సుగుణాలు ఎంచుకుని, వారానికి ఒకదాని మీద మనసు పెట్టి, చిన్న పుస్తకంలో రోజూ తన తప్పులకు గుర్తులు పెట్టుకునేవాడు. ఆ లెక్కన ఏడాదికి నాలుగు చుట్లు. పరిపూర్ణుణ్ని కాలేకపోయినా ఆ ప్రయత్నం వల్ల మెరుగైన మనిషినయ్యానని ఆత్మకథలో చెప్పుకున్నాడు.

ఈ సాధన మా జవహర్‌నగర్‌లోనే పద్దెనిమిదేళ్ల పిల్లల మీద పడుతోంది. 2008లో ఇక్కడ మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్‌లో క్లాసుకు హాజరు తప్పనిసరి కాదు. ఏ సబ్జెక్టు ఏ అధ్యాపకుడి దగ్గర, ఏ వేళకు అన్నది కూడా చాలావరకు విద్యార్థే ఎంచుకుని టైంటేబుల్ తయారుచేసుకుంటాడు. ఇంటర్ దాకా స్టడీ అవర్లూ గంటలూ నడిపిన పిల్లవాడికి ఒక్కసారిగా వారమంతా తన చేతికి వస్తుంది. ఏది ముఖ్యమో తేల్చుకోకపోతే ఆ స్వేచ్ఛ నిద్రలో కరిగిపోతుంది. బడిలో ఉండగానే, ఆదివారం ఒక్క పూటైనా, నీ సమయం నువ్వే ఏర్పాటు చేసుకో అని మనం పిల్లలకు అప్పగించాలి.

వారాన్ని అంచుల దాకా నింపకూడదన్నది కూడా ఈ విద్యలో పాఠమే. మనిషి తన పనికి పట్టే సమయాన్ని తరచూ తక్కువగానే అంచనా వేస్తాడని మనస్తత్వవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే చెప్పారు. జ్వరం, చుట్టాలు, పరామర్శ, నీళ్ల ట్యాంకరు ఆలస్యం... వీటికీ చోటు వదలాలి.

ఇవన్నీ అయ్యాక, ఏ పుస్తకమూ నన్ను అడగని ప్రశ్న ఒకటి మా ఊరు అడుగుతుంది: నీ వారం ఎవరి మీద పడుతోంది? హైదరాబాద్ చెత్త ఏళ్ల తరబడి మా డంపింగ్ యార్డుకే వచ్చింది. ఆ చెత్త గుట్టను కప్పారు, 2020లో చెత్తతో కరెంటు తీసే 19.8 మెగావాట్ల ప్లాంటు మొదలైంది. అయినా ఆ వాసన, ఆ మురికి నీళ్లు ఏమిటో చుట్టుపక్కల బస్తీలకు తెలుసు. నగరంలో ఎవరి ఇల్లో శుభ్రంగా ఉండటానికి ఇక్కడెవరో మూల్యం చెల్లించారు. తడి చెత్త, పొడి చెత్త వేరుచేయడానికి రోజూ పట్టే రెండు నిమిషాలు అందుకే నా పట్టికలో ఉన్నాయి.

ఇంట్లోనూ ఇదే ప్రశ్న. బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు ఊరికే రాలేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో ఏళ్లపాటు పోరాడితే 1890లో దక్కింది. ఆ ఆదివారాన్ని ‘కుటుంబానికి’ అని మగవాళ్లం రాసుకుంటాం. ఆ రోజే వంటింట్లో పని రెండింతలవుతుంది. పనమ్మాయికి ఆదివారం సెలవిస్తే ‘ఎట్లా గడుస్తుంది’ అంటాం. నా విశ్రాంతి ఇంకొకరి చాకిరీ మీద నిలబడితే దానికి విలువ అని పేరు పెట్టే హక్కు నాకు లేదు. ఒక్కపొద్దులో నాకు నచ్చేదీ ఇదే. ఆకలిని ఇంకొకరికి అప్పగించి ఎవరూ ఉపవాసం ఉండలేరు.

ఈ ఆదివారం మీరూ నోట్‌బుక్ తెరిస్తే, రాసుకున్న ప్రతి గంట పక్కనా ఇంకొక గడి గీయండి. ఆ గంట కోసం వదులుకునేది ఎవరో అందులో రాయండి. అక్కడ మీ పేరే ఉంటే ఆ విలువ మీది. వేరే పేరు ఉంటే, వారం మొదలయ్యేలోపు ఆ మనిషితో కూర్చుని మాట్లాడండి.