తిత్తి ఏ దశలో ఉంది?

“కాలేయం కుడి భాగంలో నీటితిత్తి ఉంది. హైడాటిడ్ కావచ్చు.”

స్కానింగ్ రిపోర్టులో ఈ రెండు ముక్కలు రాయడానికి అర నిమిషం పట్టదు. ఆ కాగితం చేతబట్టుకుని బయటికి పోయిన మనిషికి మాత్రం తిరుగుడు అప్పుడే మొదలవుతుంది. గుత్తి నుంచి అనంతపురం, అక్కణ్నుంచి కర్నూలు, చుట్టాలెవరో చెప్పారని బెంగళూరు. పోయిన చోటల్లా మళ్లీ స్కానింగ్, మళ్లీ రక్తపరీక్ష. ఖర్చులకు ముందు పొట్టేళ్లు పోతాయి, ఆ తర్వాత ఈనిన గొర్రెలు పోతాయి. ఇంత తిప్పిన కాగితంలో అసలు ఉండాల్సిన సంగతి చాలాసార్లు ఉండదు. ఆ తిత్తి ఏ దశలో ఉంది? అందులో పురుగు బతికి ఉందా, చచ్చిందా?

తిత్తి ఉందని చెప్పడం మా పనిలో మొదటి సగమే. దశ చెప్పనంతవరకూ ఆ రిపోర్టు పూర్తి కానట్టే లెక్క. కడుపు స్కానింగ్ చేసేవాళ్లు ఎక్కడున్నా ఈ మాట పట్టించుకోవాలి, మా గుత్తి చుట్టుపక్కల మరీ పట్టించుకోవాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ సమయానికి పడని మెట్ట ఇది. వేరుశనగ ఎండిపోయిన ఏడు ఇల్లు గడిచేది జీవాల మీదే. పామిడి, పెద్దవడుగూరు, యాడికి పల్లెల నుంచీ, అటు పత్తికొండ వైపు నుంచీ మా దగ్గరికి వచ్చేవాళ్లలో గొర్రెలున్న ఇళ్లవాళ్లు ఎందరో. గొర్రెల వెంట కుక్కలు ఎలాగూ ఉంటాయి. హైడాటిడ్ కథంతా ఈ ఇద్దరి మధ్యే నడుస్తుంది.

పురుగు పేరు ఎకినోకోకస్ గ్రాన్యులోసస్. కుక్క చిన్నపేగులో ఉంటుంది, పొడవు సెంటీమీటరు కూడా ఉండదు. కుక్కకు ఏ బాధా ఉండదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పురుగు గుడ్లు కుక్క పెంటలో బయటపడి మేతలో, నీళ్లలో కలుస్తాయి. మేసిన గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి బుడ్డలు పెరుగుతాయి. ఆ బుడ్డలున్న కార్జం కుక్క తింటే మళ్లీ పేగులో పురుగులు. మనిషికి ఈ చక్రంలో చోటు లేదు. కుక్కను నిమిరిన చేతితో అన్నం తినో, గుడ్లు కలిసిన నీళ్లు తాగో మధ్యలో చిక్కుకుంటాడు. మనిషిలో తిత్తులు ఎక్కువగా వచ్చేది కాలేయంలోనే, తర్వాత ఊపిరితిత్తుల్లో. తిత్తి ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పెరుగుతుంది. చిన్నప్పుడు కుక్కపిల్లతో ఆడుకున్న పిల్లవాడికి ముప్పై ఏళ్లు దాటాక కుడి డొక్కలో బరువు మొదలుకావచ్చు.

మాంసం తింటే ఈ జబ్బు వస్తుందేమోనని చాలామంది అడుగుతారు. రాదు. శాకాహారులకూ వస్తుంది. రోగి నుంచి ఇంట్లోవాళ్లకు అంటుకోదు. ఈ మూడు మాటలూ పరీక్ష బల్ల దగ్గరే చెప్పేస్తే సగం భయం అక్కడే పోతుంది.

మన ప్రాంతానికి ఇది కొత్త సంగతి కాదు. కర్నూలులో హైడాటిడ్ వ్యాప్తి మీద సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి, ఆయన సహచరులు చేసిన పరిశోధన 1968లోనే ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్’లో అచ్చయింది. అప్పటికి కడుపు స్కానింగ్ మన ఊళ్లకు రాలేదు. 1911లో కాసోనీ కనిపెట్టిన చర్మపరీక్ష ఉండేది. అది తప్పుదారి పట్టించడం మామూలే. కాలేయం తిత్తుల్లో ఎక్స్‌రేకు తెలిసేవి సున్నం కట్టినవే. మిగతాదంతా డాక్టరు చేతివేళ్ల నేర్పు. ఆ పనిముట్లతో ఈ జబ్బును వెంటాడినవాళ్లంటే నాకు చాలా గౌరవం.

గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం కడుపులోని గడ్డలను అల్ట్రాసౌండ్‌తో చూసిన సంగతి ‘లాన్సెట్’లో వచ్చింది 1958లో. ప్రోబ్ నుంచి సెకనుకు దాదాపు 35 లక్షల సార్లు కంపించే శబ్దం ఒంట్లోకి పోతుంది. మన చెవి 20 వేలకు మించి వినలేదు. మెత్తటి కండలో అది సెకనుకు 1,540 మీటర్ల వేగంతో పోతూ, ఎదురైన ప్రతి హద్దు దగ్గరా కొంత వెనక్కి తిరుగుతుంది. నిలకడగా ఉన్న నీళ్లలో హద్దులు లేవు కనుక తెర మీద అవి నల్లగా కనిపిస్తాయి. సున్నం కట్టిన చోటు శబ్దాన్ని దాటనివ్వదు, దాని వెనక నీడ పడుతుంది. నలుపు, నీడ, ఆ రెంటి మధ్య రకరకాల బూడిదరంగులు. మేం చదివేది వీటినే.

చదవడానికి ఓపిక కావాలి. ఊపిరి బాగా పీల్చి బిగబట్టమంటే కాలేయం పక్కటెముకల చాటు నుంచి కిందికి దిగుతుంది. ఎడమ పక్కకు ఒత్తిగిలమంటే అంతవరకూ దొరకని మూల దొరుకుతుంది. లేత తిత్తి గుండ్రంగా, నల్లగా ఉంటుంది. దాని గోడ జంటగీతలుగా కనిపిస్తుంది. రోగిని దొర్లించి మళ్లీ చూస్తే అడుగున పేరుకున్న సన్నటి రేణువులు లేచి మెల్లగా రాలతాయి. హైడాటిడ్ ఇసుక అంటారు దాన్ని. కొత్త పురుగులు కాగల తలలు అందులో ఉంటాయి. దశల వరుసలో ఇది మొదటిది, సీఈ-1. తిత్తి లోపల పిల్ల తిత్తులు పుట్టి తేనెపట్టులా గదులు కట్టుకుంటే సీఈ-2. ఈ రెండూ బతికున్నవి.

తర్వాత మార్పు మొదలవుతుంది. లోపొర గోడ నుంచి ఊడి నీళ్లలో తేలుతుంది. నీటికలువ గుర్తు అని పుస్తకాల్లో పేరున్న ఈ దశ సీఈ-3ఏ. కొన్నిట్లో గట్టిపడిన పదార్థం మధ్య పిల్ల తిత్తులు మిగిలి ఉంటాయి, అది 3బి. సీఈ-4లో నలుపు పోతుంది, ముడుచుకున్న పొరలు ఉన్ని ఉండలా చుట్టుకుని కనిపిస్తాయి. ఇది చాలా వరకు చచ్చిన తిత్తి. సీఈ-5లో గోడకు సున్నం కట్టి వెనక నీడ పడుతుంది. ఈ చదువుకు పునాది వేసింది ట్యునీషియా రేడియాలజిస్టు హసన్ ఘర్బీ, ఆయన సహచరులు, 1981లో. దాన్ని సవరించి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం ఇప్పటి వర్గీకరణను 2003లో ప్రకటించింది.

గోడ గుర్తులేవీ లేని ఒట్టి నీటితిత్తులూ ఉంటాయి. అవి పుట్టుకతో వచ్చే మామూలు తిత్తులు కావచ్చు. గొర్రెల కాపరి కడుపులో కనిపించినంత మాత్రాన ప్రతి తిత్తికీ హైడాటిడ్ అని పేరు పెట్టకూడదు.

దశ తెలిస్తేనే వైద్యం తెలుస్తుంది. అయిదు సెంటీమీటర్ల లోపు సీఈ-1, 3ఏ తిత్తులకు ఆల్బెండజోల్ మాత్రలతోనే ప్రయత్నించవచ్చు. అంతకంటే పెద్దవైతే స్కానింగ్‌లో చూస్తూ సూదితో నీరు లాగి, పురుగును చంపే ద్రవం ఎక్కించి, కాసేపు ఆగి మళ్లీ లాగేసే పద్ధతి ఉంది. 1980లలో ట్యునీషియాలోనే మొదలైంది. తిత్తికి పిత్తనాళంతో దారి ఉందా అని ముందే చూసుకోవాలి. తిత్తి నీరు లోపల ఒలికితే ప్రాణం మీదికి వచ్చే అలర్జీ రావచ్చు కాబట్టి, దానికి సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలోనే ఇది చేయాలి. గదులు కట్టిన సీఈ-2, 3బి సూదికి సరిగా లొంగవు, పెద్దవైతే శస్త్రచికిత్స ఆలోచించాలి. ఇబ్బంది పెట్టని సీఈ-4, సీఈ-5 తిత్తులను ఏమీ చేయకుండా కనిపెట్టుకుని ఉంటే చాలు.

ఈ చివరి మాట మీదే నాకు ఎక్కువ పట్టుదల. యాడికి వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. ఇంకేదో నొప్పికి స్కానింగ్ తీస్తే కాలేయంలో సున్నం కట్టిన తిత్తి బయటపడింది. ఎవరో ఆపరేషన్ అన్నారు, కొడుకు మందకు బేరం పెట్టాడు. “కోయాల్నా సామీ?” అని అడిగింది. “అక్కర్లేదవ్వా, అది ఎప్పుడో చచ్చింది. చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకుంటే సాలు” అన్నాను. కొడుకు నమ్మలేదు. తెర ముందు నిలబెట్టి ఆ తెల్లటి గీత, దాని వెనక నీడ చూపించి, ఇందులో నీళ్లు లేవు, పిల్ల తిత్తులు లేవు అని వివరించాక బేరం మానుకున్నాడు. రిపోర్టులో ‘సీఈ-5’ అని ముందే ఉంటే వాళ్లకు ఆ దిగులు ఉండేది కాదు.

ఆల్బెండజోల్ గురించి ఒక మాట. 2015 నుంచి నులిపురుగుల దినం నాడు బడుల్లో ఇచ్చేది ఒకే మోతాదు. అది పేగు పురుగుల కోసం. హైడాటిడ్‌కు నెలల తరబడి, రోజుకు రెండుసార్లు, కొవ్వున్న తిండితో వేసుకోవాలి, అప్పుడే అది ఒంటికి పడుతుంది. మధ్యమధ్యలో కాలేయ పరీక్ష, రక్తకణాల పరీక్ష తప్పవు. గర్భం మొదటి నెలల్లో వాడకూడదు. “బళ్లో పిల్లోళ్లకిచ్చే మాత్రే కదా” అని అంగట్లో కొని మింగితే కుదరదు.

కాలేయంలో కనిపించే ప్రతి గుండ్రటి నలుపూ కుక్క పురుగు తెచ్చింది కాదు. జ్వరంతో, కుడి డొక్క పట్టుకుని వంగి నడుస్తూ వచ్చే మగవాళ్లలో అమీబా చీముగడ్డ చూస్తుంటాం. కల్లో సారాయో అలవాటున్న నడివయసు వాళ్లలో ఇది ఎక్కువ. స్కానింగ్‌లో పూర్తి నలుపు కాకుండా లోపల సన్నటి బూడిదరంగు ఉంటుంది. మెట్రోనిడజోల్‌కు త్వరగా లొంగుతుంది. మరీ పెద్దదైతే, ఎడమ భాగంలో గుండె పొరకు దగ్గరగా ఉంటే చీము తీయాల్సి వస్తుంది. జ్వరం తగ్గి మనిషి కోలుకున్నా తెర మీద ఆ గుంత నెలల పాటు కనబడుతూనే ఉంటుంది, దాన్ని చూసి మళ్లీ మందులు మొదలుపెట్టకూడదు. కామెర్లని పసరు మందుకు పోయి ఆలస్యంగా వచ్చేవాళ్లూ ఉన్నారు. హైడాటిడ్ తిత్తి పిత్తనాళంలోకి పగిలినా కళ్లు పచ్చబడతాయి. నాళం ఉబ్బిందో లేదో కొన్ని నిమిషాల స్కానింగ్‌లో తెలుస్తుంది. ముందు ఆ పరీక్ష చేయించుకోండి అని బతిమాలుతున్నాను.

ఒకసారి ఒక కురువ పెద్దాయన బల్ల మీద పడుకుని తెర వైపు తల తిప్పి చాలాసేపు చూశాడు. “ఇది మా జీవాల కార్జంలో ఉండే బుడ్డ మాదిరే ఉండాది కదా సార్” అన్నాడు.

“అదే పెద్దాయనా. జీవం కోసినప్పుడు ఆ బుడ్డల్ని ఏం చేస్తారు?”

“కుక్కలకేస్తాం సార్. ఇంకేం చేస్తాం?”

ఈ జబ్బును ఆయన నాకంటే ముందు నుంచీ ఎరుగును. గొర్రె కడుపులో చూశాడు, ఎన్నో ఏళ్లు చూశాడు. దానికీ తన కడుపుకీ మధ్య కుక్క ఉందని ఎవరూ చెప్పలేదు, అంతే. చెప్పాక మళ్లీ అడగాల్సిన పని లేకుండా అర్థం చేసుకున్నాడు. ఇంత ఎండల్లో ఆ గుడ్లు బతుకుతాయా అని ఆయనే అడిగాడు. మంచి ప్రశ్న. ఎండకు, ఆరుదలకు అవి తట్టుకోలేవు నిజమే. కానీ తేమ ఉన్న నీడలో, దొడ్డి మూలల్లో, నీళ్ల తొట్టి చుట్టూ నెలల తరబడి నిలుస్తాయి. కుక్క బొచ్చుకు అంటుకుని నేరుగా చేతికి వస్తాయి.

కెన్యాలోని తుర్కానా ప్రాంతం మన మెట్టను తలపిస్తుంది. కరువు నేల, మందలు, కుక్కలు. మెక్‌ఫర్సన్, ఆయన సహచరులు అక్కడి సంచార జనం దగ్గరికి చిన్న స్కానింగ్ యంత్రం తీసుకుపోయి, రక్తపరీక్ష కంటే అది తిత్తులను బాగా పట్టిస్తుందని 1987లో ‘లాన్సెట్’లో రాశారు. నాకున్న పెద్ద కోరిక అలాంటి సర్వే ఒకటి మన మందల దగ్గర జరగాలని. ఇక్కడ 1994 నాటి గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ప్రతి యంత్రానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఇష్టమొచ్చిన చోటికి మోసుకుపోవడానికి వీల్లేదు. ఆడపిల్లల ప్రాణాలకు కాపలా ఉన్న ఆ చట్టాన్ని నేను నిండు మనసుతో సమర్థిస్తాను. సర్వే చేయాలంటే జిల్లా అధికారుల అనుమతితో, ప్రభుత్వ ఆసుపత్రే ముందుండి చేయాలి. చేయదగ్గ పనే అది.

ఐస్‌లాండ్ ఒకప్పుడు ఈ జబ్బుతో నలిగిపోయిన దేశం. 1864లో డెన్మార్క్ శాస్త్రవేత్త క్రబ్బె రాసిన చిన్న పుస్తకాన్ని అక్కడ ఇంటింటికీ పంచారు. బుడ్డలున్న అవయవాలు కుక్కకు వేయొద్దన్నదే అందులోని ముఖ్యమైన బోధ. స్కానింగూ లేదు, ఆల్బెండజోలూ లేదు. తర్వాతి దశాబ్దాల్లో జబ్బు అక్కడ తగ్గుతూ పోయి చివరికి అంతరించింది.

కాబట్టి నా రిపోర్టుల్లో పరిమాణంతో పాటు దశ రాస్తాను, మళ్లీ ఎప్పుడు రావాలో రాస్తాను. మొదటి రెండేళ్లు ఆర్నెల్లకోసారి, తర్వాత ఏడాదికోసారి, అయిదేళ్లకు తగ్గకుండా. పాత ఫిలింలు పారేయొద్దని చెప్తాను, ఎందుకంటే పోయినసారి బొమ్మ పక్కన పెట్టి చూస్తేనే మార్పు తెలిసేది. జీవాలున్న ఇల్లయితే పశువైద్యశాలకు వేరే చీటీ ఇస్తాను. అందులో ఊరి పేరు, ఇంట్లో ఎన్ని కుక్కలున్నాయో ఆ లెక్క, వాటికి నెలా నెలన్నరకోసారి వేయాల్సిన ప్రాజిక్వాంటెల్ మాత్ర పేరు తెలుగులో ఉంటాయి. బుడ్డలున్న కార్జాన్ని లోతుగా పూడ్చాలనీ, లేదంటే కాల్చేయాలనీ కింద రాసి ఉంటుంది.