పెనుకొండ గగన్ మహల్: రాయి, ఇటుక, గార

పెనుకొండ కోటలోని గగన్ మహల్‌ను కింది నుంచి పైకి చూసుకుంటూ వెళ్లాలి. అడుగున చెక్కిన రాతి పీఠం. ఆలయం కట్టేవాళ్లు దీన్నే అధిష్ఠానం అంటారు. దాని మీద మందమైన గోడలు, వాటిలో మొన తేలిన కమానులు. పై అంతస్తుకు చిన్న చిన్న కిటికీలు. అన్నిటికీ పైన, మెట్లు మెట్లుగా సన్నబడుతూ లేచిన శిఖరం. పీఠం గుడిది, కమాను సుల్తానుల దర్బారుది, శిఖరం మళ్లీ గుడి విమానాన్ని తలపించేది. ఈ మూడూ ఒకే భవనంలో అతుకు కనబడకుండా కలిశాయి. ఎలా కలిశాయో తెలిస్తేనే ఆ మేస్త్రీల తెలివి అర్థమవుతుంది.

ముందుగా కమాను. మన గుళ్లలో రెండు స్తంభాల మీద రాతి దూలం అడ్డంగా పడుకుంటుంది. రాయి ఎంత బరువునైనా నొక్కుడుగా మోస్తుంది గానీ వంపును ఓర్చుకోలేదు. దూలం పొడవు పెరిగేకొద్దీ నడుమ పగులుతుంది. అందుకే గుడి మండపంలో స్తంభాలు అంత దగ్గరగా ఉంటాయి. కమాను ఆ చిక్కును వేరే దారిలో విప్పుతుంది. ముందు కర్రతో వంపు చట్రం కట్టి, దాని మీద రెండు వైపుల నుంచీ ఇటుకలో, చెక్కిన రాళ్లో పేర్చుకుంటూ వస్తారు. ప్రతి రాయీ పైన వెడల్పుగా, కింద సన్నంగా ఉంటుంది. రెండు వరసలూ నడుమ కలిసే చోట చివరి రాయి బిగిస్తారు. గార ఆరాక చట్రం తీసేస్తే ఒక్కో రాయీ పక్కదాన్ని నొక్కుతూ బరువును గోడల్లోకి దింపుతుంది. ఎక్కడా వంపు లేదు, అంతా నొక్కుడే. రాయికి చేతనైన పనే రాయికి అప్పగించారు. కమాను కొన దేలి ఉంటే ఆ బరువు మరింత నిటారుగా దిగి, గోడను పక్కకు తోసే బలం తగ్గుతుంది.

ఇలాంటి మహళ్లలో గది పైకప్పు కూడా ఇదే సూత్రంతో లేస్తుంది. గది నలుచదరం, పైన గుమ్మటం గుండ్రం. నాలుగు మూలల్లో చిన్న కమానులు అడ్డంగా వేస్తే చదరం ఎనిమిది పలకలవుతుంది. ఎనిమిది పలకల మీద గుండ్రాన్ని నిలపడం సులువు. మూలలో తల ఎత్తి చూస్తే ఆ మార్పు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో కంటికి తెలుస్తుంది.

ఇదంతా పట్టి ఉంచేది గార. సున్నపురాయిని బట్టీలో కాలుస్తారు. రాతిలోని బొగ్గుపులుసు వాయువు పోయి, తేలికైన పొడిసున్నం మిగులుతుంది. దాని మీద నీళ్లు చల్లితే కుతకుత ఉడికి విరుగుతుంది. జల్లించి, ఇసుక కలిపి, గానుగలో వేసి, ఎడ్లు తిప్పే రాతి చక్రం కింద వెన్నలా అయ్యేదాకా నలుపుతారు. ఊళ్లలో దీన్నే డంగు సున్నం అంటారు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు పోసి కలపడం దక్షిణాది మేస్త్రీల అలవాటు. మొదట ముతక పూత, అది బిగిశాక సన్నని పూత, చివర నున్నని గులకరాయితో రుద్దడం. గోడ మీద ఆరుతూ సున్నం గాలిలోంచి అదే వాయువును తిరిగి పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. రాయిని పొడి చేసి, కావలసిన రూపం ఇచ్చి, మళ్లీ రాయిని చేసే విద్య ఇది. చెక్కడానికి నెలలు పట్టే కరుకు నల్లరాతి సీమలో లతలు, చుట్లు, చూరు అంచులు ఇంత ధారాళంగా తీర్చగలిగారంటే, తడి గార చేతికి లొంగినందువల్లే.

శిఖరం కూడా ఇటుక, గారలతోనే సాధ్యమైంది. గుడి విమానంలాగే అంచెలు పైకి పోతున్నకొద్దీ కుదించుకుపోతాయి, బరువు తగ్గుతుంది. గుడిలో విమానం కింద దేవుడుంటాడు, ఇక్కడ రాజు. దర్బారు భవనం మీద విమానాన్ని పోలిన శిఖరం ఎత్తడమే పెద్ద మాట. ఆ మాట ఎవరి కోసమో తెలియాలంటే కొంచెం చరిత్ర కావాలి.

1565 జనవరిలో దక్కను సుల్తానులతో జరిగిన యుద్ధంలో, విజయనగర పాలనను చేతుల్లో ఉంచుకున్న అళియ రామరాయలు హతుడయ్యాడు. తమ్ముడు తిరుమల దేవరాయలు విజయనగరానికి తిరిగివచ్చి, పేరుకు చక్రవర్తిగా ఉన్న సదాశివరాయలనూ, రాజ కుటుంబాన్నీ వెంటబెట్టుకుని పెనుకొండకు తరలిపోయాడు. 550 ఏనుగుల మీద ఖజానా తరలిందని 1900లో రాబర్ట్ సెవెల్ రాశాడు. తర్వాత నగరాన్ని మళ్లీ నిలబెట్టాలని తిరుమల చేసిన ప్రయత్నం ఫలించలేదు. పెనుకొండే రాజధాని అయింది. 1570 ప్రాంతంలో తిరుమల తానే పట్టాభిషిక్తుడయ్యాడు. పెద్దకొడుకు శ్రీరంగరాయలకు పెనుకొండ, రాముడికి శ్రీరంగపట్నం, వేంకటపతికి చంద్రగిరి అప్పగించాడు.

ఈ వంశాన్ని ఎలా తలచుకోవాలన్న వాదం అప్పుడే మొదలైంది. 1567లో విజయనగరానికి వచ్చిన వెనిస్ వర్తకుడు చేజారే ఫెదెరీచి, తిరుమల కొడుకు సదాశివుణ్ణి చంపాడని రాశాడు. ఆ తర్వాత కూడా సదాశివుడి పేరుతో శాసనాలు వెలిశాయి కాబట్టి ఆ కథను చరిత్రకారులు అనుమానించారు. ఒకరికి తిరుమల రాజధానిని వదిలి పారిపోయినవాడు, బందీ అయిన రాజును పక్కకు నెట్టి సింహాసనం ఎక్కినవాడు. మరొకరికి కూలిన రాజ్యాన్ని ఎత్తి నిలిపినవాడు. రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చింది ఈ తిరుమలరాయలకే. అంత నగిషీ ఉన్న ప్రబంధం ఆశ్రయం వెతుక్కుంటూ వచ్చిన కొలువులో పుట్టిందంటే, ఆ కొలువును కేవలం పారిపోయినవాళ్ల గుంపు అనలేం.

యుద్ధాన్ని రెండు మతాల పోరుగా చెప్పేవాళ్లున్నారు. నాకు గగన్ మహల్ కమానులు అందుకు అడ్డు నిలుస్తాయి. వీటిని గెలిచినవాళ్ల నుంచి ఓడినవాళ్లు అరువు తెచ్చుకున్నారనడమూ తప్పే. హంపిలో కమల మహల్ 1565కు ముందే కింద కమానులు, పైన తొమ్మిది శిఖరాలతో నిలిచి ఉంది. ఈ కలయిక విజయనగర దర్బారు సొంత భాష. రాకపోకలు రెండు వైపులా ఉండేవి. గోల్కొండ యువరాజు ఇబ్రహీం అన్నకు భయపడి వచ్చి ఏడేళ్లపాటు విజయనగరంలోనే తలదాచుకున్నాడు. 1550లో గోల్కొండ గద్దెనెక్కి, తెలుగు కవులకు మల్కిభరాముడయ్యాడు. 1565లో ఎదుటి సేనల్లో నిలబడిందీ అతనే. రాజులు చేతులు మార్చుకున్నా మేస్త్రీ తాపీ మారలేదు. హంపి నుంచి రాజవంశం వెంట తెచ్చుకున్న వాటిలో ఏనుగులకెక్కని సొత్తు ఈ కట్టుబడి పద్ధతి. ఖజానా కరిగిపోయింది, పద్ధతి నిలిచింది.

రాజధానిగా పెనుకొండను ఎంచుకోవడంలో తెగువా ఉంది, లెక్కా ఉంది. 1577 ముట్టడిలో బీజాపూరు సుల్తాను అలీ ఆదిల్‌షా దీన్ని పట్టలేకపోయాడు. 1589 ప్రాంతంలో గోల్కొండ సేనలను జగదేవరాయలు ఇక్కడినుంచే వెనక్కి తిప్పాడు. అయితే కోటగోడలు ఎంత గట్టివైనా, వానలు కరువైన ఈ పీఠభూమిలో నీళ్లు లేకుండా రాజధాని నిలవదు. ఆ ఏర్పాటు అప్పటికి రెండు శతాబ్దాలుగా సాగుతోంది. 1388 నాటి శాసనం ఒకటి ఉంది. పెనుకొండలో పాలన చేస్తున్న యువరాజు ప్రతాప బుక్కరాయలు, జలసూత్రంలో నిపుణుడైన సింగయభట్టును నిండు కొలువులో పిలిచి, హెన్నె నదిని, అంటే మన పెన్నేరును, పెనుకొండకు తెమ్మని ఆజ్ఞాపించాడు. ఆయన సిరువేరు చెరువు దాకా కాలువ తవ్వించాడు. ఇలాంటి కాలువకు ఆయువు వాలు. మరీ ఎక్కువైతే నీరు గట్టును కోస్తుంది, మరీ తక్కువైతే ఒండ్రు పేరుకుని పూడిపోతుంది. ఎత్తుపల్లాల మీద మైళ్ల పొడవునా ఆ సన్నని వాలును తప్పకుండా పట్టుకుపోవడం, గుమ్మటం ఎత్తడం కంటే తేలిక కాదు. మహలు కట్టిన మేస్త్రీల పేర్లు మనకు లేవు గానీ నీళ్లు తెచ్చిన సింగయభట్టు పేరు రాతి మీద ఉంది. కరువు సీమ ఎవరి పేరు ముందు రాసుకుందో చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

శ్రీరంగరాయల తర్వాత రాజైన వేంకటపతి రాజధానిని చంద్రగిరికి, ఆపై వేలూరుకు మార్చాడు. చంద్రగిరి రాజమహల్ మూడంతస్తులు. రాయి, ఇటుక, సున్నం తప్ప కట్టె ముక్క వాడలేదు. పెనుకొండలో కాస్త తడబడినట్టుండే అమరిక అక్కడ ఒద్దికగా కుదిరింది: కమానుల వరసలు సమంగా, శిఖరాలు నడుమనున్న ప్రధాన శిఖరానికి లోబడి. రెంటినీ చూసినవాళ్లకు రాజమహల్‌లోని పొందిక ఎక్కువ నచ్చుతుంది. నాకు మాత్రం గగన్ మహలే ఇష్టం. నిర్ణయం తీసుకుంటున్న చెయ్యి అందులో కనబడుతుంది.

1614లో వేంకటపతి మరణించగానే వారసత్వ తగవు అంతర్యుద్ధమైంది. 17వ శతాబ్దం గడిచేలోపే మూడవ శ్రీరంగరాయలతో ఆ రాజ్యం ముగిసింది. ఇప్పుడు తగవు సింహాసనం కోసం కాదు, జ్ఞాపకం కోసం. దానికి సాక్ష్యం గోడల్లోనే ఉంది కనుక గోడలను సరిగ్గా కాపాడాలి. పాత గార రాలిన చోట సిమెంటు పూస్తే చూడటానికి గట్టిగా ఉంటుంది. కానీ సిమెంటు తడిని బయటికి పోనివ్వదు. గోడలో చిక్కిన తడి ఉప్పును పైకి లాగి, పక్కనున్న పాత గారను పెళ్లలుగా ఊడదీస్తుంది. సున్నపు గోడకు సున్నమే వెయ్యాలి: అదే గానుగ నలుపుడు, అదే రెండు పూతలు, పూత ఆరేదాకా రోజూ తడి గోనె కప్పి ఉంచడం. ఆ పని తెలిసిన ముసలి మేస్త్రీలు రాయలసీమలో ఎక్కడున్నారో వెతికి, వాళ్ల దగ్గర కుర్రవాళ్లను పనికి పెట్టాలి.